బండి కొన్నావా, బీరువా కొన్నావా?

సిగ్నల్ దగ్గర ఆగితే చాలు. పక్క బండి మీదున్నవాడు హెల్మెట్ అద్దం పైకెత్తి ముందు నా బండిని చూస్తాడు, తర్వాత నన్ను, మళ్లీ బండిని. "అన్నా, ఎంత పడ్డది?" చెప్తాను. "మైలేజ్ ఎంతిస్తది?" ఇరవై రెండు, ఇరవై మూడు అంటాను. "అంతేనా!" అని మొహం నిండా జాలి. గ్రీన్ పడేలోపు మూడో ప్రశ్న: "ఎంత పోతది?"

ఎంత బరువుంటుందని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కడూ అడగలేదు. అసలు అడగాల్సిన ప్రశ్న అదేనని నాకు కూడా ఆలస్యంగానే తెలిసింది. చీలమండ విరిగాక.

నాది సుజుకి వీ-స్ట్రామ్ 650 ఎక్స్‌టీ. ఈ మోడల్ 2018లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. నేను 2022లో కొన్నాను, మూడేళ్లు ఎవరో వాడిన బండి. 645 సీసీ, రెండు సిలిండర్లు, ఇరవై లీటర్ల ట్యాంకు, ముందు 19 అంగుళాల చక్రం, పక్షి ముక్కులాంటి మొహం. ఈ జాతిని అడ్వెంచర్ బైక్ అంటారు. తారు రోడ్డు మీద పొద్దున్నించి సాయంత్రం దాకా అలసట లేకుండా పరుగెత్తాలి, తారు అయిపోయిన చోట కూడా ఆగకూడదు. ఈ ఆలోచనని జనంలోకి తెచ్చింది 1980లో బీఎండబ్ల్యూ చేసిన ఆర్80 జీ/ఎస్. ఆ రెండక్షరాలకీ జర్మన్‌లో అర్థం అదే, మట్టినేల, రోడ్డు.

నాకు ఈ పిచ్చి ఎక్కింది మాత్రం ఇంజినీరింగ్ హాస్టల్లో. 'లాంగ్ వే రౌండ్' అని 2004 నాటి సిరీస్. ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు లండన్ నుంచి తూర్పుగా బయల్దేరి, సైబీరియా మీదుగా న్యూయార్క్ దాకా బైకుల మీద వెళ్తారు. బురద, నదులు, వంతెనల్లేని దారులు. వాళ్ల బళ్లకి రెండు పక్కలా వెండి రంగు అల్యూమినియం పెట్టెలు. ఆ పెట్టెలు చూసి పడిపోయాను. వాళ్ల వెనక సహాయక బృందం కార్లలో వచ్చిందని నాకు గుర్తులేదు. ఆ ఇద్దరితో పాటు వెళ్లిన కెమెరామన్ బండి మంగోలియాలో మొరాయిస్తే అక్కడే దొరికిన చిన్న రష్యన్ బండి కొనుక్కుని దాని మీద లాగించేశాడన్న సంగతి అసలే గుర్తులేదు. పెట్టెలు మాత్రం గుర్తున్నాయి.

బండి తీసుకుని మొదటిసారి ఖమ్మం ఇంటికి వెళ్లినప్పుడు నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో మెకానిక్‌గా చేసిన మనిషి. ఇంజిన్ శబ్దం వింటే జబ్బు చెప్పేస్తాడు. "పాతదా?" అన్నాడు. "అవును నాన్నా." లోపలికెళ్లిపోయాడు. చెల్లి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. నేను ఈఎంఐలో బండి కొన్నాను. ఆయన కోపం నాకు అర్థమవుతూనే ఉంది. అర్థమైనంత మాత్రాన ఆగుతామా?

నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఈ బండి సీటు నేల నుంచి 835 మిల్లీమీటర్లు. అంటే రెండు కాళ్లూ దించితే బొటనవేళ్లు మాత్రం నేలని పలకరిస్తాయి. 216 కిలోల బండిని బొటనవేళ్ల మీద ఆపడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మెహిదీపట్నం ట్రాఫిక్‌లో మొదటి నెలంతా చెమటలే. అందుకని మొట్టమొదట చేయించింది ఎత్తు తగ్గించడం. వెనక సస్పెన్షన్‌కి లోయరింగ్ లింకులని దొరుకుతాయి, రెండు ఇనుప ముక్కలు. అవి మారిస్తే బండి వెనక భాగం అంగుళం దిగుతుంది. దిగింది. మడమలు కాకపోయినా సగం పాదం ఆనింది. పండగ చేసుకున్నాను.

ఆ పండగ వారమే. బండి దిగింది కానీ సైడ్ స్టాండు పొడుగు తగ్గలేదు కదా. ఇదివరకు ఎడమకి హాయిగా వాలి నిలబడేది, ఇప్పుడు దాదాపు నిటారుగా నిలబడుతోంది. ఒక సాయంత్రం గాలివానకి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కుడివైపుకి ఒరిగి పై అంతస్తు ఆంటీ స్కూటీ మీద పడుకుంది. అద్దం, ముందు డూము, నా పరువు పోయాయి. ఇంకోటి, వెనక దించినప్పుడు ముందు ఫోర్కుల్ని కూడా ఆ మేరకు సర్దుకోవాలి. లేకపోతే హ్యాండిల్ తిరగడంలో బద్ధకం వస్తుంది. నేను సర్దలేదు. పైగా బండి పొట్ట కింద ఉన్న ఖాళీయే 170 మిల్లీమీటర్లు. అందులోంచి కూడా కొంత తీసేశాక మా కాలనీ స్పీడ్ బ్రేకర్లు ప్రతిదీ "నేనున్నాను" అని చెప్పడం మొదలెట్టాయి.

ఇక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఈ వ్యసనం ఉన్నవాళ్లకి తెలుసు, రాత్రి పదకొండుకి మంచం మీద ఫోన్ పట్టుకుంటే మన బండికి లేనివన్నీ కనిపిస్తాయి. క్రాష్ గార్డు. ఇంజిన్ కింద బాష్ ప్లేటు. చేతులకి గార్డులు. నాలుగు అదనపు లైట్లు. గట్టిగా అరిచే సైలెన్సర్. వెనక ఇనుప ఫ్రేము, దానికి అటూఇటూ అల్యూమినియం పెట్టెలు, పైన ఇంకో పెట్టె. ఒక్కోటి వచ్చిన రోజు బిగించి, ఫొటో తీసి స్టేటస్ పెట్టడం. ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లడానికి సిద్ధమవుతూ ఉన్నాను. ఆరు నెలలు!

సైలెన్సర్ సంగతి త్వరగా తేల్చేస్తాను, ఎందుకంటే అది పదిహేను రోజులే ఉంది. అమ్మ ఫోన్లో అంది, "మొన్న మీ నాన్నకి బీపీ పెరిగింది నీ బండి చూసి కాదురా, విని." మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అలాంటి ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అంటే మూడు మార్చితే పదిహేను వేలు. బోల్టులతో బిగించి విప్పుకునే సామాను వేరు, బండి మూల స్వరూపాన్నే మార్చడం వేరు. రంగు మార్చాలన్నా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బిగించిన సామాను విలువ ఇన్సూరెన్సులో చెప్పి కొంచెం ప్రీమియం కట్టకపోతే, రేపు పగిలినప్పుడు వాటికి పైసా రాదు. ఇవన్నీ కొనేటప్పుడు ఏ షాపువాడూ చెప్పడు.

2022 అక్టోబర్‌లో ఎట్టకేలకు బయల్దేరాను. హైదరాబాద్ నుంచి ఖమ్మం, భద్రాచలం, చింతూరు, అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు మీదుగా మారేడుమిల్లి. ఒక్కడినే. ఖమ్మంలో రాత్రి ఆగాను. పొద్దున నాన్న బయటికొచ్చి పెట్టెల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఏందిరా ఇది? బండి కొన్నవా, బీరువా కొన్నవా?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. "మిర్చి యార్డు తొవ్వల కాటా ఉన్నది. ఎక్కించి చూసుకొని పో."

సరదాకే ఎక్కించాను. మిర్చి బస్తాల లారీలు వరసలో ఉంటే మధ్యలో నేను. కాటా అబ్బాయి కంప్యూటర్ చూసి, మళ్లీ చూసి, చీటీ చింపి ఇచ్చాడు. 290 కిలోలు. నేను దిగి పక్కన నిలబడ్డాక. నన్ను కలిపితే మూడు వందల యాభై పైన. ఆ చీటీని కూడా ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. 'బీస్ట్' అని రాసి పక్కన మంట గుర్తు.

ఘాట్ రోడ్డు గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. వాన వెలిసిన అడవి, మలుపు మలుపుకీ పొగమంచు, రోడ్డు పక్క బొంగు చికెన్ పొగ. తారు మీద బండి కూడా అద్భుతంగా నడిచింది, అది ఒప్పుకోవాలి. మర్నాడు మారేడుమిల్లి నుంచి లోపలికి, ఒక గూడెం వైపు పోయే మట్టి దారి పట్టాను. నాలుగు కిలోమీటర్లు బాగానే వెళ్లాను. తర్వాత చిన్న ఎక్కుడు, ఎర్ర బురద, మధ్యలో ట్రాక్టర్ టైర్ల గాడి.

గంటకి పది కిలోమీటర్ల వేగం కూడా లేదు. ముందు చక్రం గాడిలోకి జారింది. అలవాటుగా ఎడమ కాలు దించాను. ఇక్కడే అసలు సంగతి. కాలు నేల మీద ఆగిపోతుంది, బండి ముందుకి కదులుతూనే ఉంటుంది, వెనక పెట్టె వచ్చి పిక్క మీద కూర్చుంటుంది. మెత్తటి సంచీ అయితే ఒత్తుకుని ఊరుకుంటుంది. అల్యూమినియం అంచు ఊరుకోదు. బండి ఎడమకి ఒరిగింది. నా కాలు పెట్టెకీ నేలకీ మధ్య ఉంది.

టప్‌మని చప్పుడు వినిపించింది. బయట వినిపించిందో, లోపల వినిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

కీ తిప్పి ఇంజిన్ ఆపేశాను. ట్యాంకు మూత దగ్గర పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఫోన్లో సిగ్నల్ లేదు. కింద పడ్డ బండిని ఎలా లేపాలో నాకు తెలుసు, వీడియోలు వంద చూశాను. హ్యాండిల్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పాలి, బండికి వీపు పెట్టి సీటు అంచుకి నడుం ఆనించాలి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని నడుంతో కాకుండా తొడల బలంతో వెనక్కి అడుగులేస్తూ నెట్టాలి. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండు తెరిచి పెట్టుకోవాలి. అంతా తెలుసు. కాకపోతే ఆ వీడియోల్లో ఎవరి కాలూ కింద ఉండదు.

నలభై నిమిషాలు. నాకు నాలుగు గంటల్లా అనిపించింది. అన్నిటికంటే సిగ్గేసిన విషయం చెప్పనా? కాళ్లకి ఆఫీసుకి వేసుకెళ్లే బట్ట షూస్. పెట్టెలకి ముప్పై వేలు పెట్టినవాణ్ని, లైట్లకి పదిహేను వేలు పెట్టినవాణ్ని, బూట్లకి సున్నా.

వంద సీసీ బండి మీద ఇద్దరు వచ్చారు. మధ్యలో బియ్యం బస్తా. అదే బురదలో, అదే గాడి పక్కనుంచి, చెప్పులు నేలకి రాస్తూ ఎక్కేసి నా దగ్గర ఆగారు. నేను "పట్టుకుని లేపండి అన్నా" అంటున్నాను. వాళ్లలో పెద్దాయన లేపలేదు. ఒకసారి వంగి చూసి, "ముందు ఆ పెట్టెలు ఊడదీయాలండి. అప్పుడు లేస్తది" అన్నాడు. తాళం ఎక్కడుందో చెప్పాను. పై పెట్టె, పైన ఉన్న పక్క పెట్టె తీశారు. బండి ఒక జానెడు లేచింది. కాలు లాక్కున్నాను. "ఇదేం బండండీ బాబూ, దున్నపోతులాగుంది" అన్నాడు రెండోవాడు. దున్నపోతైతే దానంతటదే లేచి ఉండేది.

ఆ బండిని వాళ్ల ఇంటి ముందు పెట్టి, బియ్యం దింపి, నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని వంద సీసీ మీదే ఆసుపత్రికి తీసుకెళ్లారు. చీలమండ దగ్గర పగులు, ఆరు వారాల కట్టు. డబ్బులిస్తే తీసుకోలేదు.

నన్ను తీసుకెళ్లడానికి నాన్న, నా ఫ్రెండు కారులో వచ్చారు. వెళ్తూ వెళ్తూ నాన్న ఆ గూడెంలో అమ్మ పంపిన అరిసెల డబ్బా ఇచ్చి, పెట్టెలన్నీ కారు డిక్కీలో వేయించి, వంగిన గేర్ లివర్‌ని అక్కడే ఒక రాయి మీద పెట్టి సరిచేశాడు. తర్వాత హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆయన నాకంటే నాలుగంగుళాలు ఎత్తు, వయసు అరవై ఒకటి. మారేడుమిల్లి నుంచి ఖమ్మం దాకా బండి ఆయనే నడిపాడు. నేను వెనక కారులో కట్టుకాలు సీటు మీద చాపుకుని, ఘాట్ మలుపుల్లో ఆయన వీపునే చూస్తూ కూర్చున్నాను. ఒక్కచోట కూడా తడబడలేదు. చింతూరులో టీ తాగడానికి ఆగినప్పుడు కారు కిటికీ దగ్గరికొచ్చి చెప్పాడు.

"బండి మంచిదే. నువ్వు పెట్టినయే మంచిగ లేవు."

ఏడు నెలల్లో ఆ బండి గురించి నాతో ఆయన మంచిగా మాట్లాడిన మొదటి మాట అది.

ఆ ఆరు వారాలు ఇంట్లోనే ఉన్నాను. వాకిట్లో కుర్చీ, ముందు స్టూలు, దాని మీద నా కాలు. ఎదురుగా నాన్న, స్పానర్లు. ఒక్కోటి విప్పుతూ "ఇది ఎందుకు?" అని అడిగేవాడు. నేను చెప్పగలిగితే ఉంచేవాడు. చెప్పలేకపోతే పక్కన పడేసేవాడు. లైట్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరు, మధ్యలో ఫ్యూజు లేదు. హ్యాండిల్ తిరిగే చోట రాసుకుని రాసుకుని పైతొడుగు అరిగి రాగి కనిపిస్తోంది. దానికి జానెడు పైన పెట్రోలు ట్యాంకు. "మా డిపోల ఇట్ల చేస్తే మెమో ఇస్తరు" అన్నాడు. అదే వైరు ఆ బురదలో, పెట్రోలు కారుతున్నప్పుడు షార్ట్ అయ్యుంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. నాలుగు లైట్లలో రెండు తీసేసి, మిగిలిన రెండింటికి ఫ్యూజు, రిలే పెట్టి, ఎదుటివాడి కళ్లలో పడకుండా కిందికి వంచాడు.

బాష్ ప్లేటు ఉంచాం. ఈ బండికి ఆయిల్ ఫిల్టర్, ముందు సిలిండర్ సైలెన్సర్ గొట్టం రెండూ ముందు చక్రానికి ఎదురుగానే ఉంటాయి, రాయి ఎగిరితే తగిలేది వాటికే. క్రాష్ గార్డు, చేతి గార్డులు ఉంచాం. లోయరింగ్ లింకులు పీకేసి పాతవి వేశాం.

"మరి కాళ్లు అందవు కదా నాన్నా?"

"రెండు కాళ్లెందుకురా? ఆపేటప్పుడు ఎడమ కాలు కింద పెట్టు, కుడి కాలు బ్రేకు మీద ఉంచు. లారీ కింద కాళ్లు పెట్టి ఆపుతమా?"

పోలిక కుదర్లేదు కానీ మాట నిజం. నడుం కొంచెం ఎడమకి జరిపితే ఒక పాదం పూర్తిగా ఆనుతుంది. దానికి తోడు ఆటో సీట్లు కుట్టే ఒకాయన దగ్గరికి సీటు తీసుకెళ్లాడు. ఎత్తు తగ్గించలేదు, ముందు భాగంలో రెండు పక్కలా ఫోమ్ చెక్కించాడు. సీటు సన్నబడితే కాళ్లు బార్లా చాపక్కర్లేకుండా నిటారుగా దిగుతాయి. ఎనిమిది వందలు. నేను ఈ బండి మీద ఖర్చు పెట్టిన రెండు లక్షల్లో ఆ ఎనిమిది వందలే నా ఒంటికి సరిపోయింది.

ఇంకొకటి పైసా ఖర్చు లేనిది. వెనక సస్పెన్షన్ బిగువు సర్దడానికి ఈ బండికి పక్కన ఒక గుండ్రటి బిరడా ఉంటుంది, చేత్తో తిప్పొచ్చు. నేను కొన్న రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. కట్టు విప్పాక నన్ను బండి మీద కూర్చోబెట్టి నాన్న టేపు పట్టుకున్నాడు. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఎంత, నేను కూర్చున్నాక ఎంత దిగింది అని. సస్పెన్షన్ మొత్తం ప్రయాణం 160 మిల్లీమీటర్ల దాకా ఉంటే మనిషి కూర్చున్నాక అందులో మూడో వంతు దిగాలి. నాది అంత బరువు మోస్తూ సగం దాకా కూర్చుండిపోయేదట. వెనక కూర్చుండిపోతే ముందు చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం బురద గాడిలో ఎటు పోతుందో నాకు తెలుసు.

పెట్టెల స్థానంలో ఇప్పుడు రెండు చిన్న మెత్తటి సంచులు. రెండు జతల బట్టలు, పంక్చర్ కిట్టు, గాలి పంపు, మందులు. అవి పట్టనిది ఏదైనా ఇంట్లో ఉండిపోతుంది. చీలమండ పైదాకా వచ్చే బూట్లు కొన్నాను. ఒంటరిగా మట్టి దారి దిగను, ఇద్దరం ఉంటేనే. మట్టిలోకి దిగేముందు టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తాను, తారు ఎక్కగానే నింపుతాను.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్న మళ్లీ కాటా ఎక్కించాల్సిందేనన్నాడు. ఈసారి ఆయన కూడా నా వెనక కూర్చుని వచ్చాడు. అదే కాటా, అదే అబ్బాయి. బండినీ గుర్తుపట్టాడు. మేమిద్దరం దిగాక చీటీ చింపాడు. 245.

"మిగతాది ఏడ పోయింది సార్?" అన్నాడు.

ఒక పక్క పెట్టె అమ్మకానికి పెట్టాను, సొట్ట ఉందని ఎవరూ కొనట్లేదు. పై పెట్టె నాన్న స్పానర్లకి సరిపోయింది. ఇంకో పక్క పెట్టెలో అమ్మ కందిపప్పు పోసింది. రబ్బరు మూత గట్టిగా బిగుస్తుంది కదా, రెండేళ్లయినా పురుగు పట్టలేదట. మా ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపిస్తోంది.